ప్రక్రియా నిర్దేశములు - శాసనపాఠ రక్షణము: కురిక్యాల, గుంజాల లేఖనముల దృష్ట్యా ఒక పరిశీలనము

శాసనమును పరిష్కరించి ప్రకటించు పండితుడు రెండు విధములగు మాటలను వ్రాయును. శిలపై నున్న అక్షరములు మొదటివి. ఆ యక్షరములను గూర్చి తాను చదువరికి చెప్పదలచినవి రెండవవి: ఇచ్చట పంక్తి మారినది, ఇచ్చట రెండక్షరములు చెరిగినవి, ఈ గుణింతము సందేహాస్పదము. ఈ రెండును కలసిపోయినచో పరిష్కర్త ఊహ శిలాక్షరముగా చెలామణి యగును. శిలాక్షరము పరిష్కర్త ఊహగా త్రోసివేయబడును. అచ్చు గ్రంథములలో పంక్తి సంఖ్యలును కుండలీకరణములును అధస్సూచికలును ఈ భేదమును కాపాడుచు వచ్చినవి.

నేడు శాసనములును వ్రాతప్రతులును కంప్యూటరులో నిలుపబడుచున్నందున మూడవ విధమగు మాట యొకటి చేరినది. అది శిలకు సంబంధించినది గాదు. చదువరికి చెప్పునదియు గాదు. పాఠమును చేతబట్టు ప్రోగ్రామునకు చెప్పు మాట అది. ఎక్స్.ఎం.ఎల్. అను లేఖన పద్ధతిలో దీనికి ప్రాసెసింగ్ ఇన్‌స్ట్రక్షన్ అని పేరు. మేము దీనిని ప్రక్రియా నిర్దేశమని వ్యవహరింతుము. ఈ నిర్దేశము ఎట్లు పుట్టినది, పైథాను వంటి స్క్రిప్టింగు భాషలు దానిని ఎట్లు గ్రహించును, లేక ఎట్లు జారవిడుచును, అందువలన మన ప్రాంతపు లేఖనములకు కలుగు లాభనష్టములు ఏవి అను విషయములను కరీంనగరు జిల్లాలోని కురిక్యాల శాసనమును, ఆదిలాబాదు జిల్లాలోని గుంజాల గోండి వ్రాతప్రతులను ఆధారముగా గొని ఇచ్చట పరిశీలింతుము.

1. నిర్దేశముల పుట్టుక

అచ్చుకూటములలో సీసపు అక్షరములు పేర్చిన దినములలో వ్రాతప్రతి అంచున పెన్సిలుతో గుర్తులు పెట్టుట వాడుక. 'ఈ శీర్షిక పెద్ద టైపులో', 'ఇచ్చట క్రొత్త పుట' అను మాటలు కంపోజిటరునకు ఉద్దేశింపబడినవి. వానిని ఎవరును అచ్చువేయరు. కంప్యూటరులలో పాఠమును నిలుపుట మొదలైన పిమ్మట ఈ యంచు మాటలే పాఠము నడుమకు వచ్చిచేరినవి. 1969లో ఐ.బి.ఎం. సంస్థయందు చార్లెస్ గోల్డ్‌ఫార్బ్, ఎడ్వర్డ్ మోషర్, రేమండ్ లోరీ అను మువ్వురు జి.ఎం.ఎల్. అను పద్ధతిని రూపొందించిరి. 'ఇది పెద్ద టైపు' అని వ్రాయుటకు మారుగా 'ఇది శీర్షిక' అని వ్రాయవలెననుట అందలి ముఖ్యాశయము. పాఠభాగము ఏమిటో చెప్పినచో దానిని ఎట్లు ముద్రింపవలెనో ప్రోగ్రాము నిర్ణయించును. ఈ యాశయమే పెరిగి 1986లో ఎస్.జి.ఎం.ఎల్. అను అంతర్జాతీయ ప్రమాణముగా వెలువడినది.

అయినను ఆచరణలో 'ఇచ్చట క్రొత్త పుట' అనవలసిన అవసరము తీరలేదు. అట్టి మాటలకొక వేరు గది కావలసివచ్చినది. అదియే ప్రక్రియా నిర్దేశము. ఒక ప్రత్యేక ప్రోగ్రామునకు పాఠమును కట్టివేయునది గనుక దీనిని మితముగా వాడవలెనని పెద్దల అభిప్రాయము. ఎస్.జి.ఎం.ఎల్.ను సులభపరచి టిమ్ బ్రే, జాన్ పావొలీ, సి. ఎం. స్పెర్బర్గ్-మెక్వీన్ అను సంపాదకులు కూర్చిన ఎక్స్.ఎం.ఎల్. 1.0 ప్రమాణము 1998 ఫిబ్రవరి 10న వెలువడినది. వీరిలో మూడవవారు అంతకుముందే సాహిత్య పాఠముల నిర్మాణమునకు ఉద్దేశింపబడిన టి.ఇ.ఐ. నియమావళికి సంపాదకులలో ఒకరు. కావున సాహిత్య పరిష్కర్తల అవసరములు ఈ ప్రమాణమునకు తెలియనివి గావు.

నిర్దేశము రూపము మిక్కిలి సరళము. ఉదాహరణమునకు:

<?అచ్చు క్రొత్తపుట?>

ఇందు 'అచ్చు' అనునది లక్ష్యము, అనగా ఏ ప్రోగ్రామునకు ఈ మాట చెప్పబడుచున్నదో దాని పేరు. 'క్రొత్తపుట' అనునది సందేశము. లక్ష్యముగా ఎక్స్, ఎం, ఎల్ అను మూడక్షరముల పేరు మాత్రము వాడరాదు. అది ప్రమాణమునకే ప్రత్యేకింపబడినది. ఫైలు మొదటి పంక్తిలో కనబడు ప్రమాణ ప్రకటన చూచుటకు నిర్దేశమువలెనే యుండును గాని అది నిర్దేశము గాదు. పార్సరు, అనగా ఫైలును చదివి భాగములుగా విడదీయు ప్రోగ్రాము, దానిని నిర్దేశముగా మనకు అందింపదు. సందేశములోపల ప్రశ్నార్థకమును దాని వెంటనే ముగింపు గుర్తును ప్రక్కప్రక్కన రాకూడదు. వచ్చినచో నిర్దేశము అచ్చటనే ముగియును. సందేశమును పార్సరు విడదీయదు. దానిని మొత్తముగా ఒక అక్షరమాలగా అప్పగించును. 1999 జూన్ 29న వెలువడిన సిఫారసు ప్రకారము స్టైల్‌షీటును సూచించు నిర్దేశములో గుణములవలె కనబడు జంటలున్నను అవి నిజమైన గుణములు గావు. వానిని విడదీసికొనుట ప్రోగ్రాము వ్రాయువాని బాధ్యత.

స్క్రిప్టింగు భాషలలో పి.హెచ్.పి. కథ ఇచ్చట స్మరింపదగినది. 1995లో రాస్మస్ లెర్డార్ఫ్ వెలువరించిన ఈ భాషలో ప్రోగ్రామంతయు పాఠము నడుమ నిర్దేశ రూపముననే యుండును. కాని దాని పొట్టి ప్రారంభచిహ్నము ఎక్స్.ఎం.ఎల్. ప్రకటన ప్రారంభముతో ఒకటే యగుటచే, ఆ పొట్టిరూపము అనుమతింపబడిన చోట ఎక్స్.ఎం.ఎల్. ప్రకటనను పి.హెచ్.పి. తన యాజ్ఞగా భ్రమించును. లక్ష్యము పేరు స్పష్టముగా వ్రాయుట ఎందులకు అవసరమో ఈ యొక్క విషయమే చెప్పగలదు.

2. కురిక్యాల శాసనము - శిల మాట, యంత్రము మాట

కరీంనగరు జిల్లా గంగాధర మండలములోని కురిక్యాల చెంత బొమ్మలమ్మ గుట్ట కలదు. అచ్చటి జైన శిల్పములతోపాటు జినవల్లభుడు వ్రాయించిన శాసనము శిలపై నున్నది. ఇది సుమారు క్రీ.శ. 945 నాటిది. జినవల్లభుడు కన్నడ ఆదికవి పంపనికి తమ్ముడు. పంపడు వేములవాడ చాళుక్యరాజగు రెండవ అరికేసరి ఆస్థానకవి. త్రిభువనతిలక మను బసదిని, కవితాగుణార్ణవ మను తటాకమును, మదనవిలాస మను ఉద్యానమును ఈ శాసనము పేర్కొనుచున్నది. సంస్కృతము, కన్నడము, తెలుగు అను మూడు భాషలు ఇందు కలవు. చివరనున్న మూడు తెలుగు కందపద్యములు నన్నయకు సుమారు ఒక శతాబ్దమునకు పూర్వమే కందము మన భాషలో స్థిరపడినదని చాటుచున్నవి. 2008లో తెలుగునకు ప్రాచీనభాషా ప్రతిపత్తి లభించిన సందర్భమున ఈ శాసనము తరచు ఉదాహరింపబడినది. ఇట్టి పాఠములో ఒక్క యక్షరము స్థానము తప్పినను దానిపై నిలిపిన వాదము సడలును.

ఈ శాసనమును ఎక్స్.ఎం.ఎల్.లో నిలుపదలచినవారికి మొదట ఎదురగు చిక్కు శిలా పంక్తికిని పద్యపాదమునకును పొసగకుండుట. శిల్పి పంక్తిని శిల వెడల్పునుబట్టి ముగించును. కవి పాదమును గణములనుబట్టి ముగించును. పదము మధ్యనే పంక్తి మారుట శాసనములలో సామాన్యము. ఎక్స్.ఎం.ఎల్.లో పాఠభాగములు, అనగా ఎలిమెంట్లు, ఒకదానిలో నొకటి ఇమిడిన పెట్టెలవలె నుండవలెను. ఒక పెట్టె సగము మరియొక పెట్టెలోనికి చొచ్చుకొనరాదు. పాదమును పెట్టెగా చేసినచో పంక్తిని పెట్టెగా చేయలేము.

ఇచ్చటనే నిర్దేశము ఆశ చూపును. నిర్దేశము పెట్టె గాదు, ఎచ్చటనైనను నిలువగలదు. పంక్తి మారిన చోటనెల్ల నొక నిర్దేశమును వ్రాసినచో చిక్కు తీరినట్లు తోచును. అది సరి గాదని మా నిశ్చితాభిప్రాయము. పంక్తి మారుట శిలపై నున్న సత్యము. అది ఏ ప్రోగ్రామునకును చెప్పు ఆజ్ఞ గాదు. టి.ఇ.ఐ. నియమావళి ఇందులకే పంక్త్యారంభమును సూచించు శూన్య ఎలిమెంటును కల్పించినది. లోపల పాఠమేమియు లేని గుర్తు గనుక అది పెట్టెల అమరికను చెరుపదు. అయినను పాఠములో భాగముగానే నిలిచియుండును. భాషను సూచించునదియు అట్టిదే. ఏ భాగము సంస్కృతము, ఏ భాగము కన్నడము, ఏ భాగము తెలుగు అను విషయమును భాషాగుణముతో చెప్పవలెనే గాని నిర్దేశముతో చెప్పరాదు.

మరి నిర్దేశమునకు తగిన చోటు ఏది? ఏ స్టైల్‌షీటుతో ఈ ఫైలును చూపవలెను, ఏ స్కీమాతో దీని నిర్మాణమును పరీక్షింపవలెను అను రెండు విషయములును శిలకు సంబంధించినవి గావు. ఇవి నిర్దేశములుగా ఫైలు తలభాగమున నుండదగినవి. శాసనములకు టి.ఇ.ఐ.ని అన్వయించు ఎపిడాక్ పద్ధతి ఇట్టిదే. ప్రాచీనాంధ్ర దేశ శాసనములను ఆర్లో గ్రిఫిత్స్, విన్సెంట్ తూర్నియే అను పండితులు ఈ పద్ధతిలో ప్రకటించిరి. 2019లో ఐరోపా పరిశోధన మండలి సాయముతో ప్రారంభమైన ధర్మ ప్రణాళికయందును ఇదియే అనుసరింపబడినది. ఆ ఫైళ్ల తలభాగమున స్కీమాను సూచించు నిర్దేశములు కానవచ్చును. ఆ నిర్దేశమున్నంతవరకు ఫైలు తన నియమమును తనతో మోసికొనిపోవును. అది జారిపోయినచో అక్షరములు మిగులును గాని అవి ఏ నియమమునకు లోబడి వ్రాయబడినవో చెప్పు ఆధారము తొలగును.

3. పైథాను చేతిలో నిర్దేశము

పరిశోధక విద్యార్థి సాధారణముగా చేయు పని యేది? వందలకొలది ఫైళ్లలో ఒక ఊరి పేరును ఒకే విధముగా సవరించుట, పద్యములను వెలికితీసి పట్టిక వ్రాయుట, లేక మాత్రలు లెక్కించుట. ఈ పనులకు పైథాను అనువైనది. కాని దానితో వచ్చు సాధనములన్నియు నిర్దేశములను ఒకే తీరున ఆదరింపవు.

ఫ్రెడ్రిక్ లుండ్ రచించిన ఎలిమెంట్‌ట్రీ 2006లో పైథాను 2.5తోపాటు ప్రామాణిక గ్రంథాలయములో చేరినది. ఇది తేలిక, వేగవంతము. మొదట నేర్చుకొనువారు దీనినే చేపట్టుదురు. కాని దీని పార్సరు నిర్దేశములను, వ్యాఖ్యలను వదలివేయును. ఫైలును చదివి, ఒక్క పదము సవరించి, తిరిగి వ్రాసినచో సవరింపబడిన పదము సరిగానే యుండును. తలభాగపు నిర్దేశములు మాత్రము మాయమగును. ఏ దోషసూచనయు రాదు. 2019లో వెలువడిన పైథాను 3.8లో నిర్దేశములను నిలుపుకొను ఎంపిక కల్పింపబడినది. అయినను అది మూల ఎలిమెంటు లోపల నున్నవానికే వర్తించును. దానికి వెలుపల, అనగా తలభాగమున నున్నవి అప్పటికిని నిలువవు. శాసన ఫైళ్లలో ముఖ్యములగు నిర్దేశములు తలభాగముననే యుండుటచే ఈ ఎంపిక మనకు చాలదు.

మినిడామ్ అను సాధనము ఫైలు మొత్తమును ఒక వృక్షముగా కట్టును. నిర్దేశములు అందు స్వతంత్ర శాఖలుగా నిలుచును. ప్రతి నిర్దేశమునకు లక్ష్యము, సందేశము అను రెండు భాగములను వేరుగా చూడవచ్చును. సాక్స్ పద్ధతియందు పార్సరు ఫైలును మొదటినుండి చదువుచు నిర్దేశము ఎదురైనప్పుడెల్ల మనము వ్రాసిన ఒక విధిని పిలుచును. మిక్కిలి పెద్ద ఫైళ్లకు ఇది తగును. ప్రత్యేకముగా చేర్చుకొనవలసిన ఎల్.ఎక్స్.ఎం.ఎల్. అను గ్రంథాలయము తలభాగపు నిర్దేశములను సైతము కాపాడును. సందేశములోని జంటలను విడదీసి ఇచ్చు సదుపాయము కూడ అందు కలదు. కాని తిరిగి వ్రాయునప్పుడు మూల ఎలిమెంటును గాక పత్రము మొత్తమును వ్రాయింపవలెను. మూల ఎలిమెంటు నొక్కదానినే వ్రాయించినచో దానికి ముందున్న నిర్దేశములు వెనుకబడిపోవును.

ఇంతవరకు చూచినచో నిర్దేశములను గుర్తుంచుకొను సాధనము మంచిది, మరచునది చెడ్డది అని తోచును. విషయము అంత సులభము గాదు. పద్యపాదము మధ్య ఒక నిర్దేశమున్నదనుకొందము. ఎలిమెంట్‌ట్రీ దానిని మరచునప్పుడు దానికి ముందును వెనుకను ఉన్న అక్షరములను అతికి ఒకే పాఠముగా ఇచ్చును. మినిడామ్ ఆ నిర్దేశమును నిలుపుచు పాఠమును రెండు ముక్కలు చేయును. ఎల్.ఎక్స్.ఎం.ఎల్.లో నిర్దేశమునకు తరువాతి భాగము ఆ నిర్దేశమునకు తోకగా వ్రేలాడును. ఎలిమెంటు మొదటి పాఠమును మాత్రమే అడిగిన ప్రోగ్రామునకు సగము పాదమే దొరకును.

కందపద్యమున దీని ఫలితమును లెక్కతో చూపవచ్చును. కందమున ఒకటవ, మూడవ పాదములకు మూడేసి, రెండవ, నాల్గవ పాదములకు ఐదేసి చతుర్మాత్రా గణములు. మొత్తము పదునారు గణములు, 64 మాత్రలు. మాత్రలు లెక్కించు ప్రోగ్రాము రెండవ పాదములో 20కి బదులు 12 మాత్రలు చూపినచో, శాసనకవి ఛందోభంగము చేసెననియో, శిలపై అక్షరములు లోపించినవనియో విద్యార్థి వ్రాయుటకు అవకాశము కలదు. నిజమునకు లోపము శిలపై లేదు, కవియందు లేదు. పాదమధ్యమున నిలిచిన ఒక యంత్ర నిర్దేశమునందును, దానిని దాటి చదువని ప్రోగ్రామునందును ఉన్నది. కావున పద్యపాఠమును వెలికితీయునప్పుడు ఎలిమెంటులోని పాఠఖండములన్నింటిని వరుసగా కూర్చుకొనవలెను. ఎక్స్‌పాత్ అను ప్రశ్నాభాషయందలి స్ట్రింగ్ అను విధి ఈ పనిని చేయును. అది నిర్దేశములను వ్యాఖ్యలను విడిచి అక్షరములను మాత్రమే కూర్చి ఇచ్చును. ఛందస్సు తెలిసినవారికి 64 అను సంఖ్య ప్రోగ్రామును పరీక్షించు చక్కని సాధనము.

4. గుంజాల లిపి - పేర్ల సమస్య

లక్ష్యము పేరు ఏ లిపిలో వ్రాయవచ్చును అను ప్రశ్న మనలను ఆదిలాబాదు జిల్లాకు గొనిపోవును. నార్నూరు మండలములోని గుంజాల గ్రామమున గోండి భాషకు చెందిన ప్రత్యేక లిపిలో వ్రాతప్రతులు లభించినవి. ఆచార్య జయధీర్ తిరుమలరావు మొదలగువారి కృషివలన ఇవి లోకమునకు తెలియవచ్చినవి. ఇవి సుమారు 18వ శతాబ్ది మధ్యకాలము నాటివని పరిశోధకుల అంచనా. అన్షుమాన్ పాండే సమర్పించిన ప్రతిపాదనపై గుంజాల గోండి లిపి 2018 జూన్‌లో యూనికోడ్ 11.0 కూర్పులో 63 సంకేతములతో చోటు పొందినది. ఆదిలాబాదు గోండికి అంతర్జాతీయ భాషా సంకేతములలోను వేరుగా ఒక సంకేతము కలదు. కావున ఈ ప్రతులను ఎక్స్.ఎం.ఎల్.లో వాని లిపిలోనే నిలుపుటకు అడ్డు లేదు.

అయితే పాఠముగా వ్రాయుట వేరు, పేరుగా వ్రాయుట వేరు. 1998 నాటి ప్రమాణము ఎలిమెంట్లకును నిర్దేశ లక్ష్యములకును వాడదగిన అక్షరములను యూనికోడ్ 2.0 ననుసరించి జాబితాగా ఇచ్చినది. తెలుగు 1991లోనే యూనికోడ్ మొదటి కూర్పులో నుండుటచే ఆ జాబితాలో చేరినది. పైన మేము చూపిన 'అచ్చు' అను లక్ష్యము మొదటినుండియు చెల్లుబాటగునదే. కాని యూనికోడ్‌నకు పిమ్మట చేరిన లిపులకు ఆ జాబితాలో తావు లేదు. ఈ లోపమును గ్రహించి 2008 నవంబరు 26న వెలువడిన ఐదవ కూర్పులో జాబితాకు మారుగా విశాలమైన పరిధులు ఇచ్చిరి. ఆ పరిధులలో అప్పటికి యూనికోడ్‌లో లేనివి, అనగా పదేండ్ల తరువాత రానున్న గుంజాల అక్షరములు సైతము ఇమిడినవి.

ప్రమాణము మారినను సాధనములన్నియు మారలేదు. పైథానుతో వచ్చు మూడు సాధనములకును ఆధారమైన ఎక్స్‌పాట్ అను పార్సరు ఇప్పటికిని నాల్గవ కూర్పునే అనుసరించుచున్నది. యూ.టి.ఎఫ్.-8 పద్ధతిలో తెలుగు అక్షరము మూడు బైట్లు, గుంజాల అక్షరము నాలుగు బైట్లు ఆక్రమించును. నాలుగు బైట్ల అక్షరమును ఎక్స్‌పాట్ పేరులో అంగీకరింపదు. గుంజాల లిపిలో పాఠము వ్రాసినచో చదువును. అదే లిపిలో నిర్దేశ లక్ష్యము వ్రాసినచో ఫైలు సుష్ఠువుగా లేదని త్రోసివేయును. ఐదవ కూర్పు ననుసరించు ఎల్.ఎక్స్.ఎం.ఎల్. దానిని స్వీకరించును. ఒకే భాషలో వ్రాసిన రెండు ప్రోగ్రాములలో ఒకటి గోండి పేరును ఆమోదించి, మరియొకటి నిరాకరించును.

ఇది గోండికే పరిమితమైన చిక్కని తలపరాదు. మన ప్రాచీన శాసనములలో కనబడు 'ఴ' అక్షరము 2014లో యూనికోడ్ 7.0 కూర్పుతోనే తెలుగు పట్టికలో చేరినది. కావున అదియు పాత జాబితాలో లేదు. 'చోఴ' అను పదము పాఠములో నిరాటంకముగా నిలుచును. ఎలిమెంటు పేరుగానో లక్ష్యముగానో వ్రాసినచో పాత పార్సరుకడ నిలువదు. తెలుగువారికి తెలుగు పేర్లు, గోండులకు గోండి పేర్లు వాడుకొనవలెనను కోరిక న్యాయమైనది. ప్రమాణము దానిని అంగీకరించినది. సాధనమును ఎన్నుకొనుటయందే దాని సాఫల్యము ఆధారపడియున్నది.

5. సిద్ధాంతము

పై చర్చవలన తేలిన విషయములను ఇట్లు సంగ్రహింపవచ్చును. శిలపైనను, తాటాకుపైనను, కాగితముపైనను కంటికి కనబడు ఏ విషయమును నిర్దేశముగా వ్రాయరాదు. పంక్తి, పుట, భాష, చెరిగిన అక్షరము ఇవన్నియు ఎలిమెంట్లకును గుణములకును చెందినవి. ప్రోగ్రామునకు మాత్రమే పనికివచ్చు మాటను పాఠముగా వ్రాయరాదు. అది నిర్దేశమునకు చెందినది. నిర్దేశములన్నియు జారిపోయినను శాసనపాఠమున ఒక్క యక్షరమైనను తరుగకుండునట్లు ఫైలును కూర్పవలెను. ఈ మూడవదే మొదటి రెండింటికి గీటురాయి.

ఫైళ్లను తిరిగి వ్రాయు ప్రతి ప్రోగ్రామును నడుపుటకు ముందును పిమ్మటను ప్రతి ఫైలులోని నిర్దేశములను లెక్కించి, రెండు లెక్కలను సరిపోల్చవలెను. ఈ లెక్కకు ఎలిమెంట్‌ట్రీ పనికిరాదు. మినిడామ్, సాక్స్ లేక ఎల్.ఎక్స్.ఎం.ఎల్. తగును. కేవలము చదివి పట్టికలు వ్రాయు పనికి ఎలిమెంట్‌ట్రీ వాడుటలో దోషము లేదు. పద్యములు గల చోట మాత్రల లెక్కను తోడుగా నుంచుకొనవలెను.

లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో తెలంగాణా శాసనములను ప్రకటించినప్పుడును, పి. వి. పరబ్రహ్మశాస్త్రిగారు 1974లో కరీంనగరు జిల్లా శాసన సంపుటమును వెలువరించినప్పుడును, పరిష్కర్త చూచిన అచ్చు ప్రతియే చదువరి చేతికి వచ్చినది. అచ్చయిన కాగితమును ఎవరును తెలియకుండ మార్పజాలరు. నేటి ఫైలు అట్టిది గాదు; దానిని ముట్టిన ప్రతి ప్రోగ్రామును దానికొక క్రొత్త లేఖకుడే. పూర్వపు లేఖకుడు తాను వదలిన అక్షరమును ప్రతికి ప్రతి పోల్చి పట్టుకొనుట మనకు అలవాటైన విద్య. ఆ విద్యనే ఈ క్రొత్త లేఖకుని పట్లను ప్రయోగింపవలసియున్నది. ప్రతులను పోల్చుట నేర్పు తెలుగు శాఖలే ఈ పనికి ముందుగా పూనుకొనదగినవి.